టెక్సాసులో కుక్కకు కవచం

మా తండ్రిగారు తెనాలిలో దర్జీ. పెళ్ళికొడుకు కోటు మొదలు పోలీసు నిక్కరు దాకా ఆయన కుట్టనిది లేదు. నేనూ ఆ కత్తెర చేతపట్టుకునే పెరిగాను. అయినా కుక్కకు చొక్కా కుట్టే భాగ్యం మాత్రం తూర్పు టెక్సాసు వెళితేగాని కలగలేదు!

డల్లాసులో వున్న మా అమ్మాయిని చూడబోయినప్పుడు, అల్లుడు నన్ను కారులో తన స్నేహితుడి పొలానికి తీసుకువెళ్ళాడు. అవి ట్రినిటీ నది పల్లపు భూములు. దారి పొడుగునా పచ్చికబీళ్ళు, వోక్ చెట్లు. తీరా ఆ ఆసామి గడ్డిపొలం చూద్దునుగదా, రాత్రికి రాత్రి ఎవరో నాగలి కట్టి అడ్డదిడ్డంగా దున్నినట్టుంది.

"పందులండీ, మామయ్యగారూ!" అన్నాడు అల్లుడు.

16వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థులు తెచ్చిన పెంపుడు పందుల్లో కొన్ని అడవి పట్టాయి. 1930 ప్రాంతాల్లో వేటసరదా కోసం ఐరోపా అడవిపందులను తెచ్చి వదిలారు. అవీ యివీ కలిసి పెరిగి, యిప్పుడు ఆ రాష్ట్రంలో యిరవై లక్షలు దాటాయని అంచనా. మన దేశంలో 1972 చట్టం ప్రకారం అనుమతి లేనిదే అడవిపందిని వేటాడరాదు. అక్కడ 2019 నుంచి, పొలం సొంతదారు ఒప్పుకుంటే చాలు, పందివేటకు లైసెన్సు కూడా అక్కరలేదు.

ఈ వేటకు రెండు రకాల కుక్కలు కావాలి. మొదటి రకం వాసన పట్టి, పందిని చుట్టుముట్టి, మొరిగి నిలబెడతాయి. రెండో రకం ఒక్క దూకు దూకి చెవి పట్టుకుంటుంది. ప్రమాదమంతా దీనికే. మగపంది కింది కోరలు పై కోరలకు రాసుకుని ఎప్పటికప్పుడు పదునెక్కుతాయి. తల ఒక్క విదిలింపు విదిలిస్తే రొమ్ము చీలిపోవలసిందే.

ఆసామి షెడ్డులో మేకుకు పాత కవచం ఒకటి వేలాడుతోంది. మంటలార్పే నీటిగొట్టాన్ని కోసి కుట్టినది.

"ఇంత దళసరిది వుండగా కొత్తది దేనికి?" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "దీనికి కోర దిగలేదు. కాని పోయిన వేసవిలో నా కుక్క దీన్ని తొడుక్కునే వడదెబ్బకు చచ్చిపోయింది. కుట్టింది నేనే," అన్నాడు.

కుక్కకు మనలాగ ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చడమే దాని విసనకర్ర. అందుకని ఈసారి రొమ్ముకూ, మెడకూ, డొక్కలకూ మాత్రమే దళసరి. పైన నున్నటి నైలాను కాన్వాసు, కోర జారిపోవడానికి. లోపల నాలుగు పొరలు కెవ్లార్. 1965లో డ్యూపాంటు కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే ఆవిడ కనిపెట్టిన దారం అది. గుండ్లు దిగని చొక్కాలకు వాడతారు. వీపు మీద పట్టీలూ, బకిల్సూ, చేత్తో పట్టుకు లాగడానికి ఒక పిడీ, అంతే.

తొడిగి నడిపించాం. కుక్క బిగుసుకుని నడిచింది. నాలో దర్జీ మేలుకున్నాడు. "చంక పట్టేస్తోందండీ," అని అంగుళం కత్తిరించి మళ్ళీ కుట్టాను. పట్టీ కింద రెండు వేళ్ళు దూరేటట్టు వదులు చేశాను. పందిని నిలబెట్టినట్టు తెలిశాకనే తొడగడం, పని కాగానే విప్పడం అని ఆయన నియమం పెట్టుకున్నాడు.

తెల్లవారుజామున వేట ముగించుకు వచ్చారు. కవచం రొమ్ము మీద జానెడు చీలిక. లోపలి పసుపుపచ్చ పొర కనిపిస్తోంది. కుక్క ఒంటిమీద గీత లేదు. ఆసామి చీలిక వంక చూడనైనా లేదు. కుక్క మీద నీళ్ళు పోసి, డొక్క మీద చెయ్యి వేసి, వగర్పు తగ్గేదాకా అక్కడే కూర్చున్నాడు.

తిరుగుదారిలో అల్లుడు నవ్వుతూ, "కుట్టుకూలి ఎంత ముట్టిందండీ?" అన్నాడు.

"ఒక గ్లాసు ఐసు టీ, కుక్క నాకిన చెయ్యి," అన్నాను. మా తండ్రిగారైతే బాకీ లేదనే రాసుకునేవారు.