పగిలిన పెనం



సంఘ పత్రికలో పాస్టరుగారు పెనం గురించి రాయడమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. లేవీయకాండము రెండవ అధ్యాయంలోనే పెనం మాట ఉంది గనుక నాకు కొంత ధైర్యం. అయినా ఇది ప్రసంగం కాదు. నేను చేసిన ఒక తప్పు, దానివల్ల నేర్చుకున్న నాలుగు సంగతులు. ఎండాకాలం సెలవులకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల సంఘాలు యువజన శిబిరాలు పెట్టుకుంటాయి గదా, సామాను సర్దేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఎనిమిదేళ్ళ క్రితం మిర్యాలగూడ అవతల సాగర్ ఎడమ కాలువ దగ్గర ఒక మామిడితోటలో మూడు రోజుల శిబిరం పెట్టుకున్నాం. అరవైమంది పిల్లలు. అన్నానికీ పప్పుకూ గుండిగలు అద్దెకు తెచ్చాం. చివరిరోజు పొద్దున పిల్లలకు దోసెలు పెట్టాలని నాకొక ఆశ. దానికి పెద్ద పెనం కావాలి. కోదాడలో మా సంఘస్తురాలు ఒక పెద్దమ్మ ఉంది. భర్త పోయినప్పటినుంచి ఇంటిముందు దోసెలు వేసి అమ్ముకుని బతుకుతోంది. అడిగితే ఒకరోజు బేరం మానుకుని తన పోత ఇనుము పెనం ఇచ్చింది. మర్నాటి తెల్లవారేసరికి ఆమెకు మళ్ళీ కావాలి.

దోసెలయ్యాయి. ఆటో వచ్చి నిలబడింది. పెనం ఇంకా కణకణలాడుతోంది. చల్లారేదాకా ఆగే ఓపిక లేక నేనే చెంబెడు చన్నీళ్ళు కుమ్మరించాను. టప్పుమని ఒక్క శబ్దం. అంచునుంచి నడిమధ్యదాకా గీత పడింది.

ఆ సాయంత్రం ఆమె గడపలో నిలబడితే నాకు నోరు రాలేదు. ఆమె ఆ గీతను వేలితో తడిమి చూసింది. "పోనియ్యండి అయ్యగారూ. పిల్లలు కడుపునిండ తిన్నరా?" అంది. తిట్టినా బాగుండేది.

వెల్డింగు షాపతను చూసి, ఇది పోత ఇనుము, అతికినా వేడికి మళ్ళీ విడిపోతుందన్నాడు. సంగతేమిటంటే, కరిగించి అచ్చులో పోసిన ఇనుములో నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ళు కర్బనం ఉంటుంది. అందువల్ల అది గట్టిగా ఉంటుంది గాని వంగదు. వేడికి వ్యాకోచించి ఉన్నదానిమీద చన్నీళ్ళు పడితే పైభాగం చటుక్కున ముడుచుకుంటుంది, లోపలిది ముడుచుకోదు. ఆ లాగుడుకు పగిలిపోతుంది. రాతిమీద పడేసినా అంతే. కమ్మరి కొలిమిలో సాగగొట్టిన రేకు మూకుడైతే సొట్టపోతుందేగాని పగలదు.

మర్నాడే సూర్యాపేట వెళ్ళి కొత్త పెనం కొని ఆమెకిచ్చి, బాధ్యత తీరిందనుకున్నాను. మూడోరోజు చూద్దును గదా, ఒక్క దోసె రావడం లేదు. గీకి గీకి పక్కన కుప్ప పోసింది. రోజూ వచ్చేవాళ్ళు వేరే బండికి పోతున్నారు. ఇనుము తెచ్చి ఇచ్చాను గాని, ఇరవై ఏళ్ళుగా పాతదానిమీద కాలిన నూనెను ఎక్కడ కొని తెచ్చేది?

పెనం బాగయ్యేదాకా ఆమె ఇంటిఖర్చు మనదేనని మా ఆవిడ తేల్చి చెప్పింది. పెనం మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆ పెద్దమ్మే వచ్చి అరుగుమీద కూర్చుని చెప్పింది, నేను చేశాను. మొదట సబ్బుతో, కొబ్బరిపీచుతో ఒక్కసారి గట్టిగా తోమి, అంగడివాళ్ళు పూసిన మడ్డి వదిలించాం. రెండు రోజులు గంజిలో నానబెట్టి, రోజూ గంజి మార్చాం. తర్వాత పొయ్యిమీద బొట్టు తడి లేకుండా ఆర్పి, వేరుశనగ నూనె పూసి, పూసిందంతా మళ్ళీ గుడ్డతో తుడిచేయమంది. తుడిచేసేదానికి పూయడమెందుకని అడిగాను. "ఎక్కువైతే జిగురు పడుద్ది అయ్యగారూ" అంది. నిజమే. పలచటి నూనె బాగా కాలి పొగలొస్తే గట్టిపడి ఇనుమును పట్టుకుని నల్లటి పొర అవుతుంది. మందంగా పూస్తే పైన ఎండి అడుగున బంకగా ఉండిపోతుంది. పూయడం, కాల్చడం, చల్లార్చడం – ఆరుసార్లు. ఆ తర్వాత సగం కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి రుద్దుతూ పది దోసెలు పారేశాం. పదకొండోది లేచి వచ్చింది. అప్పుడు ఆమె ముఖం చూడాలి!

కొనేవాళ్ళకు ఒక మాట. బరువుంటే చాలదు, మందం అంతటా సమంగా ఉండాలి. వేలికణుపుతో కొట్టి చూడండి, కుండను చూసినట్టే. ఖంగుమంటే మంచిది, బొద్దుగా మోగితే ఎక్కడో పగులుందని అనుమానించాలి. ఎండకెత్తి చిల్లులు చూడండి. తడిగుడ్డకు నలుపు రంగు ఊడితే అది వట్టి రంగే. పిడులు అతికినవి కాకుండా కలిపి పోసినవైతే ఊడవు. మూడురాళ్ళ పొయ్యికి గుండ్రటి అడుగు మూకుడు కుదురుగా కూర్చుంటుంది, గ్యాసుకు చదును అడుగు మేలు. శిబిరానికి మోసుకెళ్ళేటప్పుడు అన్నీ పోత ఇనుమువే వద్దు, నడుములు విరుగుతాయి. పెనం, ఒక కూర మూకుడు చాలు. మిగతావి రేకువో అల్యూమినియంవో పట్టుకుపోండి.

పొయ్యిలో పత్తికట్టె భగ్గున మండి ఆరిపోతుంది. పోత ఇనుముకు కావలసింది తుమ్మమొద్దు నిప్పులు. అది నిదానంగా వేడెక్కుతుంది, కాని పట్టుకున్న వేడిని తొందరగా వదలదు. వంటయ్యాక గోరువెచ్చగా ఉండగానే వేడినీళ్ళతో కడిగి, పొయ్యిమీద తడి ఆర్పి, నూనె చెయ్యి రాసి గోనెసంచిలో చుట్టండి. బూడిదతో రోజూ బరబరా తోమితే పొర పోతుంది. రాత్రంతా నీళ్ళలో నానబెడితే తుప్పే. తుప్పు పట్టినా పారేయకండి, ఇటుకపొడితో తోమి మళ్ళీ నూనె కాల్చితే బాగవుతుంది. పగులుకే మందు లేదు. చింతపులుసు మాత్రం అందులో కాచి నిలవ ఉంచవద్దు. పులుపు పొరను తినేస్తుంది, చారు నల్లబడి ఇనుము వాసన వేస్తుంది.

ఇనుము కొంచెం కూరలోకి దిగుతుందన్న మాట నిజమే. 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇథియోపియా పిల్లల గురించిన పరిశోధన ఒకటి వచ్చింది. ఏడాదిపాటు ఇనుప పాత్రల్లో వండిన ఇళ్ళ పిల్లలకు, అల్యూమినియం పాత్రల ఇళ్ళ పిల్లలకంటే రక్తం బాగా పట్టిందని తేలింది. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. కనుక ఇంట్లో ఒక ఇనుప మూకుడు ఉండడం మంచిదే. అలాగని డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేయకండమ్మా.

పగిలిన పెనం మా ఇంటి వెనుక గోడకు ఆనించి ఉంది. అమ్మేద్దామని మా ఆవిడ అంటుంది, నాకు మనసొప్పదు. కొత్తది ఇప్పుడు పాతదాని అంత నల్లబడింది. మొన్నటి మే నెల శిబిరానికి జంకుతూనే మళ్ళీ అడిగాను. పెద్దమ్మ ఇచ్చింది. పెనంతోపాటు తానూ ఆటో ఎక్కింది.