అలమరలో డబ్బా

2022లో మా అమ్మకు తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. హాల్లో ఆవిడ మంచానికి ఎదురుగా ఒక చిన్న గాజుతొట్టి పెట్టి, అందులో నాలుగు బంగారు చేపలు వేశాం. టీవీ సీరియళ్ళంటే ఆవిడకు గిట్టదు కనుక, చేపలనైనా చూస్తుందని మా శ్రీమతి చేసిన ఆలోచన అది. చూడడమేమిటి, వారం తిరక్కుండా వాటికి పేర్లు కూడా పెట్టేసింది. నల్లోడు, గుమ్మడి, పెళ్ళికూతురు... బంగారు చేపలంటే వేలెడంత ఉంటాయనుకున్నాను. అవి జానెడు పెరుగుతాయనీ, తిన్నదానికి తగ్గట్టే మురికి చేస్తాయనీ ఏడాది గడిస్తే గానీ తెలియలేదు. చేపలు ఏడయ్యాయి, తొట్టి అయిదడుగులదైంది. దానికి తగిన ఫిల్టరు కోసం బయలుదేరడమే ఈ కథకు మొదలు.

పెరంబూరులో ఉండే మాకు కొళత్తూరు కూతవేటు దూరం. రంగుచేపల వ్యాపారంలో ఆ పేటకు దేశమంతటా పేరుంది. పెరళ్ళలో, మిద్దెల మీద సిమెంటు తొట్లు కట్టి చేపపిల్లలను పెంచి, పై ఊళ్ళకు పంపి బతికే కుటుంబాలు అక్కడెన్నో. ఒక అంగడిలో పెద్దాయన నా తొట్టి కొలతలడిగి, "సార్, ఇంత తొట్టికి లోపల పెట్టే చిన్న మోటార్లు చాలవు. కింద అలమరలో పెట్టే కానిస్టర్ కావాలి" అన్నాడు. అదొక మూత బిగించిన డబ్బా. ఒక గొట్టం తొట్టిలోంచి నీళ్ళు దింపుతుంది, మోటారు వాటిని వడపోసి ఇంకో గొట్టంలో పైకి పంపుతుంది. డబ్బాలో అంతస్తులుగా బుట్టలుంటాయి. స్పాంజి, పింగాణీ రింగులు, పైన దూది.

ఎంత పెద్దది కొనాలన్నది లెక్క వ్యవహారం కాబట్టి నాకు హుషారొచ్చింది. 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. అంటే 20 ఘనపుటడుగులు, సుమారు 566 లీటర్లు. గులకరాళ్ళకూ పైన వదిలిన ఖాళీకీ తీసేస్తే 480 అనుకోండి. గంటకు నాలుగైదుసార్లు నీరంతా తిరగాలంటారు. అట్టపెట్టె మీద వేసిన అంకె ఖాళీ డబ్బాతో కొలిచినది. బుట్టలు నింపి, నీటిని పై ఎత్తుకు తోయవలసి వచ్చేసరికి అందులో చాలా తరుగుతుంది. కాగితం మీది లాభానికీ చేతికొచ్చే లాభానికీ ఉన్న తేడా నాకు ఒకరు చెప్పాలా! గంటకు 2,400 లీటర్లది తీసుకున్నాను. "కరెంటెంత తాగుతుందండీ?" అన్నది ఇంట్లో మొదటి ప్రశ్న. 40 వాట్లు, రాత్రింబవళ్ళు తిరిగితే నెలకు దాదాపు 29 యూనిట్లు. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే అనడం.

బిగించడానికి ఒక ఆదివారం పట్టింది. మూత కింద రబ్బరు రింగులో ఒక్క నూలుపోగు ఇరుక్కున్నందుకు రాత్రంతా చుక్కచుక్కగా కారి అలమర తడిసింది. కరెంటు తీగ ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్ళీ పైకి లేచేలా ఉండాలి. తీగ వెంట జారిన నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

అసలు పని చేసేది మోటారు కాదని మాత్రం ఆలస్యంగా అర్థమైంది. చేపల మలమూత్రాల్లోంచీ మిగిలిన తిండిలోంచీ అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. పింగాణీ రింగులకు అంటుకుని బతికే సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా, మరో జాతి సూక్ష్మజీవులు ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఈ జనాభా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే పాత స్పాంజి ఫిల్టరును నెలకు పైగా దీనికి జతగా నడిపాను. రింగులను కుళాయి నీళ్ళతో కడిగితే క్లోరినుకు అవి చస్తాయి కాబట్టి, తొట్టి నీళ్ళే బకెట్లోకి తీసి అందులో జాడించాను. అన్నీ శాస్త్రప్రకారం చేశాననే గర్వంలో ఉండగా 2023 డిసెంబరు వచ్చింది.

మిచాంగ్ తుఫాను సంగతి మద్రాసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. 4వ తేదీ పొద్దున మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు, కరెంటు లేదు. ఇన్వర్టరు మీద ఒక లైటు. రాత్రి వాన తెరిపిచ్చాక డిష్‌లో బొమ్మ కనిపిస్తే, తుఫాను మన నెల్లూరు వైపు, బాపట్ల వైపు పోతున్నదని అర్ధరాత్రి దాకా టీవీ చూస్తూ కూర్చున్నాను. అది బాపట్ల దగ్గర తీరం దాటిన 5వ తేదీ మధ్యాహ్నమే మాకు కరెంటొచ్చింది. దాదాపు 30 గంటల తర్వాత.

అలమరలో డబ్బా తనంతట తానే గుర్రుమంది. ముందుగా కనిపెట్టింది అమ్మే. "ఒరే, కుళ్ళిన గుడ్డు వాసనేస్తోందేమిట్రా?" అంది. తొట్టిలోకి నల్లటి నీళ్ళు వస్తున్నాయి. మూత బిగించిన డబ్బాలో నీళ్ళు కదలకపోతే కొద్ది గంటల్లోనే ప్రాణవాయువు అయిపోతుంది. మంచి సూక్ష్మజీవులు చచ్చి, లోపలి మురికి కుళ్ళుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్ళంతా నేరుగా చేపల మీదికి పోయింది. స్విచ్చి తీసేసి సగం నీళ్ళు మార్చేసరికి చీకటి పడింది. నల్లోడు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ, మూస్తూ ఉన్నాడు. తెల్లారేసరికి ఏడింట్లో మూడు పోయాయి. నల్లోడితో సహా.

అమ్మ రెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకుంది. నేను కాగితం తీసుకుని కూర్చున్నాను. 12 వోల్టుల బ్యాటరీ, 150 ఆంపియర్-అవర్లు. అంటే 1,800 వాట్-అవర్లు. మూడోవంతు తరుగు తీసేసినా ఆ 40 వాట్ల మోటారు 30 గంటలు తిరిగేది. ఆ రాత్రి నేను చూసిన టీవీ అంతకంటే ఎక్కువే తాగుతుంది. పోనీ, కరెంటు పోగానే డబ్బా విప్పి, బుట్టలు తీసి తొట్టి నీళ్ళలోనే పెట్టి, బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు తగిలించినా సరిపోయేది. అదీ కాకపోతే, కరెంటు వచ్చాక మూత తీసి పాత నీళ్ళు పారబోసి, రింగులు జాడించాకే స్విచ్చి వేయాల్సింది. ఈ మూడింట్లో ఒక్కటీ చేయలేదు. అమ్మకు ఆ లెక్క చూపించలేదు.

డబ్బాను మళ్ళీ మొదటి నుంచి తయారు చేసుకోవడానికి సంక్రాంతి దాటింది. అన్నాళ్ళూ చేపలకు తిండి తగ్గించి, రోజు విడిచి రోజు నీళ్ళు మార్చాను. కుళాయి నీళ్ళయితే ముందురోజే పట్టి ఉంచుకోవాలి. మా వంటింట్లో నడవడానికి దారి లేకుండా బకెట్లు. ఆవిడ కిమ్మనలేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫిల్టరు ప్లగ్గును ఇన్వర్టరు లైనులోకి మార్పించాను, టీవీ ప్లగ్గును అందులోంచి తీయించేశాను.

ఇప్పుడు వీధిలో కరెంటు పోతే, ఫాను ఆగిందని గానీ ఉక్కగా ఉందని గానీ అమ్మ అనదు. "ఒరే, డబ్బా చప్పుడవుతోందా? చెవి పెట్టి చూడు" అంటుంది. నేను అలమర ముందు కూర్చుని, తలుపు తీసి, చెవి పెట్టి వింటాను.