చెంబులోంచి బిందెలోకి

అమ్మ సంవత్సరీకం ఇంకా పది రోజులుందనగా అక్క ఫోను చేసింది. "ఒరే, అమ్మ లాలిపాట నీ దగ్గరుందిగా? ఆ రోజు అందరం విందాంరా. కాస్త శుభ్రంగా చేసి పెట్టు" అంది.

ఆ పాట సంగతి చెప్పాలి. 1986లో అక్క కొడుకును ఉయ్యాలలో వేసి అమ్మ పాడుతుంటే, నాన్నగారు టేపురికార్డరు పక్కన పెట్టి పట్టారు. నాలుగు నిమిషాల పాట. ఆ క్యాసెట్టును 2009లో ఓ దుకాణంలో ఇచ్చి ఎంపీత్రీగా మార్పించాను. "తక్కువ చోటు పట్టేట్టు చెయ్యవయ్యా" అన్నవాణ్ణీ నేనే. కంప్యూటరులో ఉంది గదా అని, ఇల్లు మారేటప్పుడు క్యాసెట్టు పారేసిన ఘనుణ్ణీ నేనే!

కుదించకుండా దాచే ఫైలు వేవ్ అనీ, నాణ్యమంటే దానిదేననీ ఎక్కడో విని ఉన్నాను. అందులోకి మారిస్తే పాట పూర్వపు రూపానికి వచ్చేస్తుందనుకుని మీట నొక్కాను. రెండు మెగాబైట్లయినా లేని ఫైలు 42 మెగాబైట్లయి కూర్చుంది! చెప్పొద్దూ, పోయిన ఆస్తి వడ్డీతో సహా చేతికొచ్చినంత సంబరపడ్డాను. మా ఆవిణ్ణి పిలిచి ఆ అంకె చూపించాను కూడా.

ఆదివారం అక్క కొడుకును వెంటబెట్టుకు వచ్చింది. పాట పెట్టాను. కళ్ళు మూసుకుని ఆసాంతం వింది.

"గొంతు అమ్మదే. కాని ఉయ్యాల ఊపుతుంటే చేతిగాజులు గలగలమనేవి గదరా, అవేవీ?" అంది.

నా నోట మాట రాలేదు. మేనల్లుడే అందుకున్నాడు.

"మావయ్యా, పెద్ద చప్పుడు పక్కన చిన్న చప్పుడు చెవికి ఆనదు. అలాంటివి చూసి ఎంపీత్రీ వదిలేస్తుంది. మరీ ఇరికిస్తే వినబడేవి కూడా చెడతాయి. నువ్వు చేయించింది సెకనుకు 64 కిలోబిట్లే. సీడీ లెక్కన వేవ్‌కు 1,411. ఇప్పుడు జరిగిందల్లా, ఆ మిగిలినదాన్నే పెద్ద గిన్నెలో..."

"వెన్న తీసిన పాలు చెంబులోంచి బిందెలోకి పోసినట్టన్నమాట" అంది వంటింట్లోంచి మా ఆవిడ.

"అంతే అత్తయ్యా! అలాగని వేవ్ దండగ కాదు. బుసబుస తగ్గించాలన్నా, కత్తిరించాలన్నా అందులోనే చెయ్యాలి. ప్రతి మార్పుకీ మళ్ళీ ఎంపీత్రీగా దాస్తే, ప్రతిసారీ మరికాస్త పోతుంది. పాత ఫైలు మాత్రం చెరపకు మావయ్యా. మనకిప్పుడు అసలు అదే."

"క్యాసెట్టు నేనే పారేశానక్కా" అన్నాను తల వంచుకుని.

అక్క కాసేపు మాట్లాడలేదు. తరవాత, "పోనీలేరా, పాట పోలేదుగా" అని, ఉయ్యాల ఊపుతున్నట్టు చెయ్యి ఆడిస్తూ సన్నగా అందుకుంది. అదే పాట. అమ్మ దగ్గర నేర్చిన వరసే. ఒకనాడు ఆ పాటకు నిద్రపోయిన మేనల్లుడు, నలభయ్యో పడికి దగ్గరపడ్డవాడు, చప్పుడు చెయ్యకుండా ఫోను తీసి, వేవ్‌లోనే పట్టేట్టు సరిచేసి ఆమె ముందు పెట్టాడు.

సంవత్సరీకం నాడు రెండు పాటలూ పెట్టాము. అమ్మది ముందు, అక్కది తరవాత. రెండోదాంట్లో గాజులు స్పష్టంగా వినబడ్డాయి.