గోమార్లు కొట్టంలోనే ఉంటయి

మాది అచ్చంపేట దిక్కు తండా, వనపర్తిలో హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న. మనలో చాలామంది ఇండ్లల్ల ఆవులో ఎడ్లో ఉంటయి కాబట్టి ఈ గోమార్ల (పిడుదుల) సంగతి పొడుగైనా చదవండి.

మా ఇంట్ల నాలుగు పొడ తూర్పు ఆవులున్నయి. అమ్రాబాద్ నల్లమల జాతి, ఒంటి మీద పొడలుంటయి, 2020ల జాతిగా గుర్తింపు కూడా వచ్చింది. వాటి పక్కన బాపు నిరుడు అప్పు చేసి తెచ్చిన జెర్సీ సంకర ఆవు ఉంది. నా మెస్ ఖర్చు దాని పాల మీదనే.

వానకాలంల జెర్సీకి జ్వరమొచ్చింది. మెడ కింద గడ్డలు ఉబ్బినయి, చిగుళ్లు తెల్లబడ్డయి. ఏడు లీటర్లు ఇచ్చేది రెండుకు పడింది. గొడ్ల డాక్టర్ సార్ చూసి థైలీరియా అన్నరు, గోమార్లు కుడితే వచ్చే రోగం. బతికింది గానీ పాలు మునుపటంత లేవు. అప్పు మాత్రం అంతే ఉంది.

పొడ తూర్పు వాటికి ఏం కాలే. అడవిల గోమార్లు లేవని కాదు, ఉన్నయి. కానీ నాటు పశువు తోలు, నాలుకతో నాక్కునే అలవాటు గోమార్లను ఎక్కువ నిలవనియ్యవు. పైగా అవి పొద్దంతా తిరుగుతయి, రాత్రి బయట మందల పడుకుంటయి. జెర్సీ రాత్రీ పగలూ రాళ్ల గోడల కొట్టంలనే కట్టేసి ఉంటది, పక్కనే పెంటకుప్ప. గంగడోలు, పొదుగు, చెవుల లోపల, తోక కింద చూస్తే శనగ గింజల్లెక్క గోమార్లు.

మందు వేసినా నెలకు మళ్లీ వచ్చినయి. యాడి "మందే దొంగది" అన్నది. మా జువాలజీ సార్‌ని అడిగితే విషయం తెలిసింది. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కింద రాలి, గోడ సందుల్ల వేల గుడ్లు పెట్టి చస్తది. పిల్లలు తిండి లేకున్నా చాన రోజులు కాచుకుంటయి. ఆవుకు వేసిన మందు గోడకు పనిచెయ్యదు కదా!

అందుకే సందులు మట్టితో పూడ్చి సున్నం కొట్టినం, పెంటకుప్ప దూరం జరిపినం, డాక్టర్ చెప్పిన కొలతల గోడలకు మందు పిచికారీ చేసినం. నాయనమ్మ పీకిన గోమార్లను కింద పారేయకుండ కిరోసిన్ల వేస్తది. కొందరు పత్తికి కొట్టే మందే ఆవుకు రుద్దుతరు, అది పశువునే చంపుతది. పాలిచ్చే ఆవుకైతే మందు వేసినంక ఎన్ని రోజులు ఆ పాలు తాగొద్దో అడగాలె. 1962కు ఫోన్ చేస్తే బండి వస్తది.

ఇంకోటి, పెబ్బేరు లాంటి పెద్ద సంతల్ల ఎన్నో ఊళ్ల పశువులు ఒక్క తాన నిలబడతయి. కొన్నది ఇంటికి తెస్తే కొన్ని వారాలు విడిగా కట్టేయండి.

మాకు ఉత్తరం గోడ ఇంకా మిగిలింది, సెలవులకు పోయి పూడుస్త. గద్వాల నడిగడ్డ దిక్కు తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీ కొట్టాలల్ల ఏం చేస్తరో కింద రాయండి.