కాంక్రీటు పోయకముందు

అమెరికాలో ఇంటి వెనక చెక్క డెక్కు వేసుకోవాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలని చాలాసార్లు విన్నాను. ఆ అనుమతి ఎలా ఇస్తారో కళ్లారా చూసింది మాత్రం ఈసారి వర్జీనియా వెళ్లినప్పుడే. మా మేనల్లుడు ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో, చాంటిలీ ప్రాంతంలో, పాత ఇల్లు కొన్నాడు. వంటింటి వెనక తలుపు తీస్తే పెరట్లోకి ఆరు సిమెంటు మెట్లు, అంతే. మా అక్కకు మోకాళ్ల నొప్పులు. ఆవిడ కూర్చుని కాఫీ తాగడానికి అక్కడో డెక్కు వేయాలని వాడి కోరిక.

ముందు ఒక కాంట్రాక్టరును పిలిచాడు. అతను కొలతలు తీసుకుని, ధర చెప్పి, "పర్మిట్ ఎందుకు సార్, వెనకవైపు ఎవరు చూస్తారు?" అన్నాడట. ఆ మాట వినగానే నాకు హైదరాబాదులోని నానక్‌రామ్‌గూడ కళ్లముందు కదిలింది. 2016 డిసెంబరులో అక్కడ కడుతున్న ఏడంతస్తుల భవనం రాత్రికి రాత్రి కుప్పకూలి 11 మంది చనిపోయారు. ఎక్కువమంది పొట్టకూటికి వలస వచ్చిన కూలీలు. "ఒరేయ్, ఆ మనిషిని మాన్పించు. పద, కౌంటీ ఆఫీసుకు నేనూ వస్తాను" అన్నాను.

కౌంటీని మన జిల్లాతో పోల్చుకోవచ్చు గానీ దానికి కలెక్టరు ఉండడు. ఫెయిర్‌ఫ్యాక్స్‌ను పాలించేది ప్రజలు ఎన్నుకున్న పదిమంది సభ్యుల బోర్డు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ పదకొండున్నర లక్షల మంది ఉన్నారు. స్థలంలో ఎక్కడ కట్టాలి, సరిహద్దు నుంచి ఎంత వదలాలి అన్నది కౌంటీ సొంత నిబంధన. ఎలా కట్టాలన్నది మాత్రం రాష్ట్రం చెబుతుంది. 1973 నుంచి వర్జీనియా అంతటికీ ఒకే భవన నియమావళి. కౌంటీ దాన్ని అమలు చేయాల్సిందే తప్ప తనకు నచ్చినట్టు బిగించడానికీ వదులు చేయడానికీ లేదు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. పక్క కౌంటీలో ఒక రూలు, ఇక్కడ ఇంకో రూలు అనే వాదనకే చోటుండదు.

అనుమతుల శాఖ హెరిటీ బిల్డింగ్‌లో ఉంది. 1970, 80లలో బోర్డు అధ్యక్షుడిగా పనిచేసిన జాక్ హెరిటీ పేరు పెట్టారు దానికి. దరఖాస్తు, ప్లాన్లు, ఫీజు అన్నీ 'ప్లస్' అనే ఆన్‌లైన్ పద్ధతిలోనే నడుస్తాయి కాబట్టి నిజానికి ఆఫీసుకు వెళ్లనక్కర్లేదు. మాకు అడగాల్సినవి ఉన్నాయని వెళ్లాం.

కౌంటర్లో ఉన్నావిడ ముందు అడిగింది ఇంటి వెనక గోడ ఫొటో. మేనల్లుడు ఫోన్లో చూపించాడు. ఆవిడ వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, "ఇది ఇటుక. మీ డెక్కును దీనికి బిగించడానికి వీల్లేదు" అంది. వాడు తెల్లబోయాడు. మామూలుగా డెక్కు ఒక అంచు ఇంటి గోడకు బోల్టులతో బిగించిన పొడవాటి దుంగ మీద ఉంటుంది, రెండో అంచు స్తంభాల మీద ఉంటుంది. వాడి మనసులో ఉన్న డెక్కూ అలాంటిదే.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. అక్కడి ఇళ్లలో బరువు మోసేది చెక్క చట్రం. బయట కనిపించే ఇటుక ఒక్క వరస, అందం కోసం, వానను ఆపడం కోసం. ఆ వరసకూ చట్రానికీ మధ్య ఖాళీ ఉంటుంది. దానికి డెక్కు బరువు తగిలిస్తే ఇటుక పగులుతుంది, బోల్టు వంగుతుంది. అందుకని గోడను తాకకుండా నాలుగువైపులా సొంత కాళ్ల మీద నిలబడే డెక్కు వేసుకోవాలి. "బొమ్మ మీరు గీయించుకోనక్కర్లేదు. మామూలు డెక్కులకు మా దగ్గర ప్రామాణిక నమూనాలున్నాయి. వాటినే వాడండి. పైన కప్పు వేసినా, వేడినీళ్ల తొట్టి పెట్టినా అవి పనికిరావు, అప్పుడు విడిగా ప్లాను కావాలి" అంది.

ఆ నమూనాల పుస్తకం నేను కూర్చుని చదివాను. ఏ పొడవు దూలానికి ఏ మందం చెక్క వాడాలి, స్తంభం ఆరంగుళాల చదరానికి తగ్గకూడదు, మేకులు జింకు పూత పూసినవో స్టెయిన్‌లెస్ స్టీలువో అయి ఉండాలి. చెదలు పట్టకుండా చెక్కకు ఎక్కించే మందులో రాగి ఉంటుంది, అది మామూలు మేకును తినేస్తుంది. డెక్కు నేలకు 30 అంగుళాల కంటే ఎత్తుంటే చుట్టూ 36 అంగుళాల కటకటాలు పెట్టాలి. కటకటాల సందుల్లో నాలుగంగుళాల బంతి దూరకూడదు, ఎందుకంటే పాకే పిల్లల తల అందులో ఇరుక్కోకూడదు. మెట్టు ఎత్తు ఎనిమిదింబావు అంగుళాలు దాటకూడదు. ఇంజనీరు సాయం లేకుండా ఒక వడ్రంగి చదివి చేసుకోగలిగేటట్టు రాశారు. ప్రభుత్వం ప్రచురించిన పుస్తకాల్లో ఇంత పనికొచ్చేవి నేను ఎక్కువ చూడలేదు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇల్లు కొన్నప్పుడు వచ్చిన సర్వే నకలు మీద డెక్కు గీసి సరిహద్దులకు దూరాలు వేయాలి. వాగు పక్క స్థలమైతే చెసాపీక్ అఖాతం రక్షణ నిబంధనల కింద వంద అడుగుల మేర పచ్చదనాన్ని ముట్టుకోనివ్వరు, అదీ చూస్తారు. పర్మిట్ కాంట్రాక్టరు పేరున తీసుకోవచ్చు, యజమాని పేరునా తీసుకోవచ్చు. యజమాని తీసుకుంటే పనికి బాధ్యత తనదేనని సంతకం చేయాలి. ఇక్కడొకటి గుర్తుంచుకోవాలి. కాంట్రాక్టరే పని చేస్తూ, "పర్మిట్ మాత్రం మీ పేరున తీయండి" అంటే అతనికి లైసెన్సు లేదేమోనని అనుమానించాలి. కాలనీ సంఘం అనుమతి పూర్తిగా వేరు. కౌంటీ దాన్ని అడగదు, సంఘం కౌంటీ పర్మిట్‌ను పట్టించుకోదు. రెండూ విడివిడిగా తెచ్చుకోవాల్సిందే.

పర్మిట్ వచ్చాక లైసెన్సున్న మరో కాంట్రాక్టరు పని మొదలుపెట్టాడు. తవ్వకానికి ముందు 811కు ఫోన్ చేసి నేలలో పోయే గొట్టాలు, తీగల జాడ అడగాలి. వాళ్లు వచ్చి పెరట్లో గడ్డి మీద రంగు గీతలు వేసి చిన్న జెండాలు గుచ్చి వెళ్లారు. పసుపు గ్యాసుకు, ఎరుపు కరెంటుకు, నీలం నీటికి, నారింజ ఫోను తీగలకు. మూల గుంత తవ్వాలనుకున్న చోటికి రెండడుగుల దూరంలో పసుపు గీత పోతోంది. గునపం అటు పడితే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

నేను చూడాలనుకున్న ఘట్టం ఆ తర్వాతే వచ్చింది. స్తంభాల కింద కాంక్రీటు పోయడానికి ముందు కౌంటీ ఇన్‌స్పెక్టరు వచ్చి గుంతలు చూడాలి. ఆయన ఒక్కడే వచ్చాడు. చేతిలో టేపు, ఒక సన్నటి ఇనుప చువ్వ, పలక కంప్యూటరు. పలకరించి నేరుగా పెరట్లోకి నడిచాడు. బయటి వరస గుంతల్లో టేపు దించాడు. ఇరవైనాలుగు అంగుళాలు దాటింది. చలికాలంలో నేలలో నీరు గడ్డకట్టి ఉబ్బి పునాదిని పైకి నెడుతుంది కాబట్టి అక్కడ ఆ లోతు తప్పనిసరి. మోకాళ్ల మీద కూర్చుని గుంత అడుగున చువ్వ గుచ్చాడు. ఒంటి బరువంతా వేసినా వేలెడు కంటే దిగలేదు. తల ఊపి ముందుకు కదిలాడు.

ఇంటి గోడ పక్క వరసకు వచ్చాడు. అక్కడా టేపు అంతే లోతు చూపించింది. చువ్వ గుచ్చాడు. అది జానెడు పైన దిగిపోయింది, పెద్దగా నొక్కకుండానే. ఆయన తలెత్తి కాంట్రాక్టరును చూసి, "ఇది పూడ్చిన మట్టి" అన్నాడు. ఇల్లు కట్టినప్పుడు పునాది కోసం వెడల్పుగా తవ్వుతారు. గోడ లేచాక పక్కనున్న ఖాళీని మట్టితో పూడుస్తారు. పైన గడ్డి మొలిచాక అంతా ఒకే నేలలా కనిపిస్తుంది. అడుగున మాత్రం అది గట్టి నేల కాదు, దాని మీద బరువు పెడితే ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కుంగుతూనే ఉంటుంది. అందుకే గోడకు ఐదడుగుల లోపు వచ్చే గుంత ఇంటి పునాది మట్టం దాకా దిగాలని నమూనాలో ఉంది. ఆమోదించిన కాగితంలోనూ ఉంది. కాంట్రాక్టరు మనుషులు అన్ని గుంతలూ ఒకే లోతున తవ్వేశారు.

మేనల్లుడు నా చెవిలో, "మామయ్యా, ఫెయిలయినట్టేనా?" అన్నాడు. ఇన్‌స్పెక్టరు గొంతు పెంచలేదు, ఎవరినీ చిన్నబుచ్చలేదు. "గట్టి నేల తగిలేదాకా తవ్వి నన్ను మళ్లీ పిలవండి" అని పలకలో రాసుకుని వెళ్లిపోయాడు. నేలమాళిగ లేని ఇల్లు కాబట్టి ఇంకో అడుగున్నర తవ్వితే సరిపోయింది. కాంట్రాక్టరు కాంక్రీటు లారీని వాయిదా వేసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చినప్పుడు అదే చువ్వ వేలెడు దిగి ఆగింది.

కౌంటీ తూర్పు భాగంలో తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే బంకమన్ను ఉంటుందని, అక్కడ పునాదుల లోతు ఇంకా పెంచమంటామని ఆయన మాటల్లో చెప్పాడు. నల్లరేగడి నేలలో పగిలిన గోడలు చూసి పెరిగినవాణ్ని, ఆ మాట నాకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

ఆ గుంతలో కాంక్రీటు పోసేసి ఉంటే ఎంత చదువుకున్న ఇంజనీరైనా పైనుంచి చూసి ఆ తప్పు కనిపెట్టలేడు. పర్మిట్ అన్న కాగితం విలువంతా నాకు అక్కడే తెలిసింది. నమూనా పుస్తకంలో సరైన లోతు రాసి ఉంది, యజమాని సంతకం ఉంది, లైసెన్సున్న కాంట్రాక్టరు ఉన్నాడు. అయినా గుంత తప్పు. కప్పేయకముందు ఒక మనిషి వచ్చి చువ్వ గుచ్చాడు కాబట్టి ఆ తప్పు అక్కడే ఆగింది. తర్వాత చట్రం బిగించాక ఒకసారి, అంతా పూర్తయ్యాక మరోసారి తనిఖీ ఉంటుంది.

ఇలా చూడకపోతే ఏమవుతుందో అమెరికాకూ తెలుసు. 2003 జూన్ 29న షికాగోలో ఒక విందు జరుగుతుండగా అపార్టుమెంటు వెనక చెక్క వరండాలు ఒకదాని మీద ఒకటి కూలి 13 మంది యువతీయువకులు చనిపోయారు. ఆ వరండా పర్మిట్ లేకుండా కట్టినదని తర్వాత బయటపడింది. 2015లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో బాల్కనీ విరిగి ఆరుగురు విద్యార్థులు పోయారు. లోపలి దూలాలకు నీరు చేరి చెక్క కుళ్లిపోయింది, పైనుంచి ఎవరికీ కనిపించలేదు. ఆ తర్వాత 2018లో అపార్టుమెంట్ల బాల్కనీలను గడువుల ప్రకారం పరీక్షించాలని ఆ రాష్ట్రం చట్టం చేసింది.

మన దగ్గరా అనుమతులు చాలా మారాయి. తెలంగాణ 2020లో టీఎస్ బీపాస్ చట్టం తెచ్చింది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు, స్థలం 500 చదరపు మీటర్ల లోపైతే యజమాని స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. పెద్దవాటికి 21 రోజుల గడువు. కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గడం గొప్ప విషయమే, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అబద్ధం చెప్పి కడితే నోటీసు లేకుండా కూల్చే అధికారమూ ఆ చట్టంలో ఉంది. కానీ కూల్చేది కట్టాక. కూలీ ప్రాణం పోయేది కడుతుండగా. పునాది గుంతలో చువ్వ గుచ్చే మనిషి, స్లాబు పోయకముందు కడ్డీలు లెక్కపెట్టే మనిషి మనకు ఇంకా కావాలి. వాళ్ల పేరు, వచ్చిన తేదీ, చూసిన సంగతి ఎవరైనా చదువుకునేలా ఉండాలి.

మేం వెళ్లిన రోజు హెరిటీ బిల్డింగ్‌లో ఒక తెలుగు అమ్మాయి కలిసింది. అత్తమామలు వస్తున్నారని నేలమాళిగలో పడకగది చేయిస్తోంది. కిటికీ పెద్దది పెట్టాలన్నారని, గోడ కోయాలంటే ఖర్చని దిగులుపడుతోంది. నిప్పంటుకుంటే మనిషి బయటపడేంత కిటికీ అది. తెరిచిన భాగం నిర్ణీత కొలతకు తగ్గకూడదు, అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. "నిద్రపోయేది మీ అత్తమామలే కదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "నిజమే అంకుల్, పెట్టిస్తాను" అంది.

ఇన్‌స్పెక్టరు చెప్పింది తప్పనిపిస్తే ఒప్పుకుని తీరాలనేమీ లేదు. వర్జీనియాలో ముప్పై రోజుల్లోపు స్థానిక అప్పీళ్ల బోర్డుకు, ఆపైన రాష్ట్ర బోర్డుకు వెళ్లవచ్చు. పర్మిట్ తీసుకుని ఆరు నెలల్లో పని మొదలుపెట్టకపోతే అది చెల్లదని కూడా గుర్తుంచుకోవాలి.

అమెరికాలో పాత ఇల్లు కొనబోయే మనవాళ్లకు ఒక్క మాట. ఆ ఇంటికి డెక్కో, నేలమాళిగ గదో తర్వాత చేర్చి ఉంటే, కౌంటీ రికార్డుల్లో చిరునామాతో వెతికి దానికి పర్మిట్ ఉందో లేదో, ఆఖరి తనిఖీ పూర్తయిందో లేదో చూడండి. పర్మిట్ తీసి ఆఖరి తనిఖీకి పిలవకుండా వదిలేసిన పనులూ ఉంటాయి. కొనుగోలు కాగితాల మీద సంతకం పెట్టకముందే చూడండి.