మీకు తెలియనిదేముంది, సిస్టర్!

కొత్త వైద్యుడికన్నా పాత రోగి మేలని మన పెద్దలు ఒక సామెత చెప్పి పోయారు. వైద్యుడు పుస్తకంలో చదివినదాన్ని రోగి తన ఒంటిమీదనే చదువుకొని ఉంటాడని దాని తాత్పర్యం. బాగానే ఉంది. మరి వైద్యం చేసే మనిషే ఒకనాడు మంచం పడితే? ఆ సంగతికి మాత్రం సామెత ఏదీ కట్టకుండానే పెద్దలు తప్పుకున్నారు కాబోలు. ఆ లోటు నాకు మా అక్కయ్య వల్ల తెలిసివచ్చింది.

మా అక్కయ్య తిరుపతిలో నర్సు. ఆపరేషన్లు అయినవారిని ఉంచే వార్డులో 30 ఏళ్లుగా పని చేస్తున్నది. మా బంధువులందరికీ ఆవిడే ధన్వంతరి. చిత్తూరులో, పుత్తూరులో, పీలేరులో ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా మొదటి ఫోను ఆమెకే. అటువంటి మనిషికి పోయిన ఏడాది పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. ఆపరేషను తప్పదన్నారు. తాను పెత్తనం చేసే చోట తానే పడుకోవడానికి మనసొప్పక, వేరొక ఆస్పత్రిలో చేరింది. దాని పేరు మనకెందుకు గాని, నేను కాలేజీకి సెలవు పెట్టి తోడు వెళ్లాను.

చేరిన గంటలోనే ఆమె నర్సన్న సంగతి అందరికీ తెలిసిపోయింది. ఇక మర్యాదలకేమీ తక్కువ లేదు. ప్రక్క మంచం మీద పాకాల వైపు పల్లెనుంచి వచ్చిన ఒక రైతు భార్య ఉంది. ఆమెదీ అదే జబ్బు. డాక్టరుగారు ఆమె ప్రక్కన నిలబడి కాగితం మీద బొమ్మ గీశారు. రాళ్లు ఎక్కడున్నాయో, పొట్టమీద నాలుగు చిన్న రంధ్రాలు ఎందుకు చేస్తారో, ఎన్నాళ్లకు పొలానికి పోవచ్చునో ఓపికగా చెప్పారు. తరువాత మా మంచం దగ్గరికి వచ్చి చిరునవ్వు నవ్వారు.

“మీకు తెలియనిదేముంది, సిస్టర్!”

అంతే. సంతకానికి కాగితం చేతికిచ్చి వెళ్లిపోయారు. మత్తు డాక్టరు నోటా అదే మాట. చివరికి సూది వెయ్యడానికి వచ్చిన పిల్ల కూడా అదే మాట అన్నది.

ఆ రాత్రి అక్కయ్యకు కునుకు పట్టలేదు.

“ఏమక్కా, భయంగా ఉందా? ఇట్లాంటివాళ్లను ఎంతమందిని చూసినావు నువ్వు!” అన్నాను.

“చూసినా గనకనే రా భయం. ఆ పక్కామెకు తెలిసింది ఒకటే ఆపరేషను, తనది. బాగైపోతాదని డాక్టరు చెప్పినాడు, నమ్మి నిద్రపోతా ఉండాది. నాకు అట్ల కాదే! బాగై ఇంటికి పోయినోళ్ల మొగం ఒక్కటీ గుర్తుకు రాలేదు. బాగుకానోళ్లు మాత్రం వరసగా వచ్చి కండ్ల ముందర నిలబడతా ఉండారు” అన్నది.

రాత్రి 12 నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టగూడదన్నారు. ఉదయం 9 గంటలకన్న ఆపరేషను జరిగి జరిగి మధ్యాహ్నం 2 దాటింది. ఘనాహారం తిని 6 గంటలు, వట్టి నీళ్లు త్రాగి 2 గంటలు గడిస్తే సాధారణంగా మత్తు ఇవ్వడానికి అడ్డులేదని నేటి వైద్యం చెబుతున్నది. ఆ సంగతి అక్కయ్యకు బాగా తెలుసు. అడగరాదా అన్నాను. “నర్సయ్యుండీ ఈమాత్రం ఓర్చుకోలేదా అనుకుంటారు, వద్దులే” అన్నది. ప్రక్కామె ఊరుకుంటేనా! నాలుక పిడచ కట్టుకపోతా ఉండాదని వార్డంతా వినిపించేటట్లు అడిగింది. డాక్టరును కనుక్కొనివచ్చి ఆమెకు కాసిని నీళ్లిచ్చారు. తెలియనివారికి అడిగే హక్కు ఉన్నది. తెలిసినవారు ఆ హక్కును గుమ్మం బయటే వదిలి రావాలి కాబోలు!

ఆపరేషను క్షేమంగానే ముగిసింది. ఆమెను బయటికి తెచ్చేదాకా వసారాలో కూర్చున్న నా మనసు రాయవేలూరు మీదికి పోయింది. మా చిత్తూరు వాళ్లకు పెద్దాస్పత్రి అంటే వేలూరే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా రెండూ ఉత్తర ఆర్కాడు జిల్లాలోని ఊళ్లే. తిరుపతికి 1960లో వైద్య కళాశాల, 1993లో స్విమ్స్ వచ్చినా, గట్టి జబ్బు చేస్తే వేలూరు బస్సెక్కే అలవాటు మాకింకా పూర్తిగా పోలేదు.

ఆ వేలూరులో మేరీ వర్గీస్ అనే డాక్టరు ఉండేవారు. కొచ్చిన్‌లో పుట్టి, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదువుకున్నారు. 1954లో, ముప్పయ్యేళ్లయినా నిండకముందే, మోటారు ప్రమాదంలో ఆమె వెన్నెముక దెబ్బతిన్నది. నడుము క్రింది భాగం చచ్చుబడిపోయింది. నిన్నటిదాకా రోగులను చూస్తూ తిరిగిన ఆస్పత్రిలోనే మంచం పట్టారు. కుష్ఠురోగుల వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేసే డాక్టరు పాల్ బ్రాండ్ అప్పుడు అక్కడే ఉన్నారు. ఆ పని కూర్చొని చేయదగినది. మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చొని అది నేర్చుకున్నారు. తరువాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌కూ, న్యూయార్కుకూ వెళ్లారు. కాళ్లూ చేతులూ పోయినవారిని మళ్లీ బ్రతుకులో నిలబెట్టే విద్య అభ్యసించి వచ్చి, వేలూరులో ఆ విభాగాన్ని నడిపారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం వెలిసింది. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. 1986లో ఆమె కన్నుమూశారు. ఆ కేంద్రం ఈనాడు ఆమె పేరుతోనే ఉన్నది.

చెట్టుమీదనుంచి పడి నడుము విరిగిన ఒక కుర్రవాడు ఆ డాక్టరును మొదటిసారి చూసినప్పుడు ఏమనుకొని ఉంటాడు? ఈవిడకు నా బాధ తెలుసుననుకొని ఉంటాడు. ఆ నమ్మకం కలిగించింది ఆమె పట్టాలు కావు, ఆ చక్రాల కుర్చీ.

నేను తెలుగు చెప్పుకొని బ్రతికేవాణ్ణి. వైద్యంలో నాకు తెలిసింది ఒక్క మాటే. నర్సు చేసే పనిని మనం శుశ్రూష అంటాం. ఆ మాటకు మూలం సంస్కృతంలో వినడమనే అర్థం గల ధాతువు. శుశ్రూష అంటే వినాలనే కోరిక. మందూ మాకూ, కట్టూ సూదీ తరువాత వచ్చాయి, ముందున్నది చెవి. అక్కయ్యకు ఆ ఆస్పత్రిలో మంచి వైద్యం జరిగింది. శుశ్రూష మాత్రం జరగలేదు. ఆమెకు అన్నీ తెలుసునన్న గౌరవమే అందుకు అడ్డం వచ్చింది.

నెలా పదిహేను రోజులకు ఆమె మళ్లీ డ్యూటీలో చేరింది. ఇప్పుడు ఆపరేషను వెనక్కు జరిగిందంటే చాలు, మత్తు డాక్టరును అడిగి, ఆయన సరేనంటే రోగి నోరు తడపనిదే ఊరుకోదు. ఎవరితోనూ “మీకు తెలియనిదేముంది” అనదు.

మొన్న ఏదో పనిమీద ఆమె వార్డుకు వెళ్లాను. రిటైరైన ఒక కాంపౌండరుగారు గిలక వాపు ఆపరేషనుకు వచ్చి పడుకొని ఉన్నారు. అక్కయ్య ఓనమాల దగ్గరనుంచి చెప్పడం మొదలుపెట్టింది.

“నలభై ఏండ్లు ఇదే కొలువు చేసినాను, తెలుసులేమ్మా!” అన్నాడాయన, కాస్త చిన్నబుచ్చుకొని.

“తెలిస్తే మంచిదే మామా. మళ్లీ ఒకసారి విను. విన్నాక నువ్వు అడగాల్సింది అడుగు” అన్నది అక్కయ్య, స్టూలు లాక్కొని కూర్చుంటూ.

అంతా విన్నాడు. అడగడానికేమీ లేదన్నట్లు గోడవైపు చూశాడు. అక్కయ్య లేవలేదు. కాసేపటికి ఆయనే ఇటు తిరిగి, ఎవరూ వినడం లేదు గదా అని చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

“నొప్పి శానా ఉంటాదామ్మా?”