తెల్ల కాళ్లకు రంపపు పొట్టు

ఎడిన్‌బరా విమానాశ్రయానికి ఆనుకునే ఉంటుంది ఇంగ్లిస్టన్. ఏటా జూన్ నెలలో అక్కడ రాయల్ హైలాండ్ షో జరుగుతుంది. 1822లో ఎడిన్‌బరాలో మొదలైన ఈ వ్యవసాయ ప్రదర్శన చాలా ఏళ్లు ఊళ్లు మారుతూ తిరిగి, 1960 నుంచి ఇంగ్లిస్టన్‌లో స్థిరపడింది. గొర్రెలు, ఎద్దులు, ట్రాక్టర్లు, జున్ను దుకాణాలు ఎన్ని ఉన్నా నేను వెళ్లింది క్లైడ్స్‌డేల్ గుర్రాల కోసం. అదీ పోటీ చూడటానికన్నా ముందు, పోటీకి వాటి కాళ్లను తెల్లగా ఎలా చేస్తారో చూద్దామని.

నాలుగు కాళ్లూ ముఖమూ తెల్లగా ఉన్న గుర్రాన్ని మన వైపు పంచకల్యాణి అంటారు, శుభలక్షణమని వెతికి మరీ కొనేవారు. ఆ లెక్కన ఇక్కడి శాలల్లో సగానికి పైగా పంచకల్యాణులే. ఒక్కొక్కటీ భుజం దగ్గరే అయిదున్నర అడుగులు, బరువు టన్నుకు కాస్త తక్కువ. మోకాళ్ల కింద నుంచి పట్టులాంటి పొడవాటి వెంట్రుకలు గిట్టల మీదికి జారుతుంటాయి. వాటిని వాళ్లు ఫెదర్ అంటారు, మనం కాలి జూలు అనుకోవచ్చు.

క్లైడ్ నది లోయలో, లానార్క్‌షైర్ రైతుల చేతుల్లో రూపుదిద్దుకున్న జాతి ఇది. పొలం దున్నింది, గ్లాస్గో వీధుల్లో బొగ్గు బండ్లు లాగింది. 1877లో ఈ జాతికి ఒక సంఘం ఏర్పడింది. 1911లో ఒక్క ఏడాదే 1,617 మగ గుర్రాలను విదేశాలకు పంపారు. ఆ తర్వాత ట్రాక్టరు వచ్చింది. 1975 నాటికి అరుదైన జాతులను కాపాడే సంస్థ దీన్ని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చాల్సి వచ్చింది. ఇప్పుడు వీటిని పెంచేవాళ్లలో చాలామందిని ఆ పనిలో నిలబెట్టేది ఇలాంటి పోటీలే.

ఐర్‌షైర్ నుంచి వచ్చిన ఒక రైతూ, ఆయన కూతురూ మూడేళ్ల ఆడ గుర్రాన్ని పోటీకి సిద్ధం చేస్తుంటే వాళ్ల దగ్గర ఆగాను. ఒళ్లు ముదురు గోధుమ రంగు. కాళ్లు తెలుపే గానీ, లారీ ప్రయాణంలో మూత్రం, లద్దె అంటుకుని వెనక కాళ్లు పసుపు పట్టాయి.

మొదట గోరువెచ్చని నీళ్లు, తర్వాత సబ్బు. అమ్మాయి బకెట్ పక్కన గొంతుక్కూర్చుని, వేళ్లతో వెంట్రుకల మొదళ్ల దాకా తోమింది. బ్రష్షు ఎందుకు వాడటం లేదని అడిగాను. జూలు పాయ తీసి చర్మం చూపించింది. తెల్ల వెంట్రుకల కింద చర్మం గులాబీ రంగులో, పలచగా ఉంది. దట్టమైన జూలులో తడి నిలిస్తే అక్కడ పుండ్లు పడతాయి, కంటికి ఆనని పురుగులు చేరతాయి. "పొక్కు ఉంటే వేలికి తెలుస్తుంది, బ్రష్షుకు తెలియదు" అంది.

సబ్బు కడిగేశాక ఊదా రంగు షాంపూ పట్టించింది. తెల్ల చొక్కాకు మనం నీలిమందు పెట్టే కిటుకే ఇదీ. ఆ ఛాయ పసుపును కంటికి కనిపించనివ్వదు. ఎక్కువసేపు ఉంచితే కాళ్లే ఊదాగా మారతాయి కాబట్టి ఫోనులో టైమరు పెట్టుకుంది. బ్లీచ్ మాట ఎత్తితే తండ్రి తల అడ్డంగా ఊపాడు. ఆ చర్మం కాలితే గుర్రం పోటీకి కాదు, వైద్యానికి వెళ్తుందన్నాడు.

అసలు పని ఆ తర్వాతే. ఆయన ఒక గోనె విప్పాడు. లోపల పిండిలా మెత్తగా, తెల్లగా రంపపు పొట్టు. నీళ్లు పిండేసిన తడి కాళ్లకు గుప్పెళ్లతో పట్టించి, వెంట్రుకల్లోకి కిందికీ మీదికీ నలిపాడు. పొట్టు తడినీ జిడ్డునూ పీల్చేస్తుంది, వెంట్రుకను వెంట్రుకకు అంటుకోనివ్వదు. అందుకే ఆరిన జూలు విడివిడిగా, నిండుగా నిలుస్తుంది. ఏ చెక్క పడితే అది పనికిరాదు. ముదురు చెక్క పొట్టు తడికి రంగు దిగుతుంది. నల్ల వాల్‌నట్ అయితే మరీ ముప్పు, ఆ పొట్టు మీద నిలబడిన గుర్రాలకు గిట్టల లోపల వాపొచ్చి అడుగు వేయలేకపోతాయి. మర్నాడు పొద్దున పొట్టంతా దులిపి బ్రష్షుతో దువ్వితే, పసుపు కాళ్లు ఇవేనా అనిపించింది. పొట్టి జూలు గుర్రాలవాళ్లు సుద్ద బిళ్లతో సరిపెట్టుకుంటారట. అమెరికాలో కాలి వెంట్రుకలు కురచగా కత్తిరించి, మొక్కజొన్న గంజిపొడి అద్దడం కూడా ఉంది.

నాకొక సందేహం వచ్చింది. సుద్దతో తెలుపు పెంచగలిగినప్పుడు, హద్దును రెండంగుళాలు పైకి జరిపితే ఎవరు పట్టుకుంటారు? పెద్దాయన నవ్వి, సంచిలోంచి గుర్రం పాస్‌పోర్టు తీశాడు. అందులో గుర్రం బొమ్మ మీద ప్రతి తెల్ల మచ్చ హద్దూ ఎర్ర సిరాతో గీసి ఉంది. ఈ మచ్చలు గుర్రానికి ఆనవాళ్లు. ఉన్న తెలుపును కడిగితే ముస్తాబు, లేనిది పూస్తే మోసం.

ఆస్ట్రేలియాలో జరిగిన సంగతి ఆయనే ఎత్తాడు. 1984 ఆగస్టులో బ్రిస్బేన్ పందెంలో ఫైన్ కాటన్ అనే సాదాసీదా గుర్రం బదులు అంతకన్నా వేగమైన బోల్డ్ పర్సనాలిటీని దించారు. ఫైన్ కాటన్ కాళ్ల మీద తెలుపు ఉంది, బోల్డ్ పర్సనాలిటీకి లేదు. దాంతో తెల్ల రంగు పూశారు. గుర్రం గెలిచింది. కానీ కాళ్ల మీంచి రంగు కారుతుంటే జనం అరవడం మొదలుపెట్టారు. గెలుపు రద్దయింది, సూత్రధారులు జైలుకు వెళ్లారు.

పోటీ బరిలో తెలుపు చేసే పని వేరే. క్లైడ్స్‌డేల్ నడుస్తుంటే వెనక నిలబడినవారికి ప్రతి అడుగులోనూ లాడం లోపలి వైపు కనిపించాలని ఈ జాతి పెంపకందార్లు పెట్టుకున్న నియమం. కాళ్లు అంత ఎత్తుగా, తిన్నగా లేవాలి. ఒంటి రంగులో కలిసిపోయే కాళ్లయితే చిన్న వంకర దూరానికి తెలియదు. ఇంత తెల్లగా ఉన్నాక దాచడానికేమీ ఉండదు. న్యాయనిర్ణేత కాలి ఎముక మందం చేత్తో తడిమి చూసి, గుర్రాన్ని నడిపించమని వెనక్కి జరిగి నిలబడ్డాడు. మా గుర్రం ఎడమ వెనక కాలు అడుగడుక్కీ కాస్త బయటికి ఊగింది. ఏమీ తెలియని నాకే కనిపించిందది.

నాలుగో స్థానం వచ్చింది. కాళ్లకు అంత శ్రమపడితే లోపమే బయటపడిందే అన్నాను తండ్రితో. "చూడమనే కదండీ కడిగాం!" అన్నాడాయన. కూతురు అప్పటికే లాడాలు కొట్టే అతనికి ఫోను కలిపి, ఆ ఎడమ కాలి సంగతి చెబుతోంది.